పాలు లేని పిండివంట

"పిండివంట" అన్న తెలుగు మాటలో దాపరికం లేదు. పిండితో చేసే వంట కనుక పిండివంట. ఆంగ్లేయుల "పేస్ట్రీ" కూడ పుట్టుకలో ఇటువంటిదే. "పేస్ట్" అనగా కలిపిన పిండిముద్ద. పేస్ట్రీ అన్న మాటకు మూలం అదే. రెండు భాషలవారును ఈ వంటకు పేరు పెట్టునప్పుడు పిండిని తలచుకొన్నారే గాని పాలను గాని, వెన్నను గాని, నేతిని గాని తలచుకొనలేదు. అయినప్పటికిని నేడు పేస్ట్రీ అనగానే మన కన్నుల ముందు తెల్లని క్రీము నిలుస్తుంది. పండుగ పిండివంట అనగానే నేతి వాసన తగులుతుంది. ఈ రెండును లేనిది పిండివంటయే కాదన్న భావం మనలో స్థిరపడిపోయినది. ఆ భావాన్ని కొంత సడలించవలెనన్నదే నా ప్రయత్నం. మన కళాశాల కార్యవర్గం వారికి చేయదలచిన మనవి కూడ ఒకటి ఇందులో ఉన్నది.

ముందుగా ఒక మాట. నేను పాలకు శత్రువును కాను. షీర్ ఖుర్మా లేని ఈద్ ఉదయాన్ని నేను ఊహించుకొనలేను. "షీర్" అన్న పారసీ మాటకు అర్థమే పాలు. గడ్డపెరుగు లేని తెలుగు భోజనం పూర్తి అయినట్లు నాకు తోచదు. పాలు సరిపడినవారు హాయిగా త్రాగుదురు గాక. నేను చెప్పబోయేది సరిపడనివారిని గురించి.

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉన్నది. దానిని జీర్ణం చేసే లాక్టేజ్ అనే ఎంజైము పసితనంలో సమృద్ధిగా ఉండి, వయసు పెరిగిన కొలది చాలమందిలో తగ్గిపోతుంది. ప్రపంచంలోని పెద్దవారిలో సగానికి మించినవారి స్థితి ఇదే. కనుక పాలు అరగకపోవుట నాజూకుతనం కాదు. మానవులలో అధికసంఖ్యాకులకు సహజమైన దేహధర్మం. ఇట్టివారిలో పలువురికి గ్లాసెడు పాలు త్రాగితే కడుపు ఉబ్బరం, నొప్పి, విరేచనాలు కలుగుతాయి. పెరుగు కొంతవరకు సరిపడవచ్చును. నేతిలో లాక్టోజ్ దాదాపుగా ఉండదు కనుక నెయ్యి అంతగా బాధించదు.

మరికొందరి సంగతి పూర్తిగా వేరు. వీరికి పడనిది పాలలోని చక్కెర కాదు, మాంసకృత్తులు. కేసీన్, వే అనునవి. వీరి దేహం ఆ మాంసకృత్తులను శత్రువులుగా ఎంచి తిరగబడుతుంది. దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, ఊపిరి ఆడదు, ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. తీవ్రంగా ఉన్నవారికి పాలు తగిలిన గరిటె చాలును. నేతిలో సైతం ఈ మాంసకృత్తుల జాడలు మిగిలి ఉండవచ్చును గనుక వీరు నేతిని కూడ నమ్మరాదు. ఈ ఇరువురినీ ఒకే గాటకు కట్టి, "వాళ్లకు పాలు పడవట" అని తేలికగా తీసివేయుట మనకు అలవాటు. ఒకరికి కడుపునొప్పి, మరొకరికి ప్రాణాపాయం. తేడా చిన్నది కాదు.

ఇవి గాక జీవకారుణ్యంచేత పాలను బుద్ధిపూర్వకంగా విడిచినవారు కలరు. "వీగన్" అనే పేరు వారికి 1944లో ఇంగ్లండులో ఏర్పడినది. వారి అభిప్రాయంతో ఏకీభవించుట, ఏకీభవించకపోవుట మన ఇష్టం. వారి పళ్లెంలో ఏమి వడ్డించినామో వారికి చెప్పుట మాత్రం మన ఇష్టాయిష్టాలకు విడిచిపెట్టదగినది కాదు.

గత సంవత్సరం ఒక సభానంతరం జరిగిన అల్పాహార విందులో ఒక విద్యార్థిని తన పళ్లెంలోని పఫ్‌నూ కేకుముక్కనూ ప్రక్కనున్న స్నేహితురాలికి ఇచ్చివేసి, మిగిలిన నాలుగు ఆలుగడ్డ చిప్సుతో సరిపెట్టుకొనుట చూచినాను. అడిగితే, "పాలవి నాకు పడవు సార్. వీటిలో ఉన్నాయో లేవో ఎవరినడిగినా తెలియదంటున్నారు" అన్నది. ప్రక్కనే ఉన్న పెద్దలొకరు చిరునవ్వుతో, "ఈ కాలపు పిల్లలు, అన్నీ నాజూకులే" అన్నారు. ఆ పెద్దలే పది నిమిషాల క్రితం పఫ్‌లోని కీమా ఎక్కడిది, ఎవరు కోసినది అని వడ్డించే కుర్రవానిని రెండు పర్యాయాలు అడిగి, నిశ్చయం చేసికొని గాని ముట్టుకొనలేదు. అప్పుడు ఎవరునూ నవ్వలేదు. నవ్వకూడదు కూడ.

నా వాదమంతా ఈ చిన్న సంఘటనలో ఉన్నది. "ఇందులో ఏమున్నది?" అన్నది మన కళాశాలలో ఎంతో గౌరవం గల ప్రశ్న. హలాలా కాదా అని ముస్లిం అడుగుతాడు. గుడ్డు కలిపినారా అని శాకాహారి అడుగుతాడు. ఉల్లి, వెల్లుల్లి వేసినారా అని జైనుడు అడుగుతాడు. అడిగినవారికి సమాధానం చెప్పుట ఆతిథ్యంలో భాగమని మనం నమ్ముతాము. సమాధానం తెలియకపోతే సిగ్గుపడతాము. అటువంటప్పుడు పాలున్నవా అన్న ప్రశ్న ఒక్కటే గారాబం ఎట్లు అవుతుంది? పదిమంది తినేది తాను తినలేక, పళ్లెం చేత పట్టుకొని, ఎవరినైనా అడిగితే ఏమనుకొందురో అని సంకోచిస్తూ నిలబడుట ఎట్లుంటుందో మైనారిటీ విద్యాసంస్థకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఆ మరునాడే పట్టణంలోని ఒక బేకరీకి వెళ్లి, పఫ్‌లో వెన్న వేస్తారా అని విచారించినాను. యజమాని నొచ్చుకొన్నట్లు చూచి, "మనది ఫస్టు క్లాసు మాల్ సార్, అంతా వెన్నే" అన్నాడు. వెన్న పడనివారికోసం అడుగుతున్నానని చెప్పినాను. వెంటనే స్వరం మారినది. "అయితే భయం లేదు సార్, అంతా డాల్డాయే. ఈ ధరకు వెన్న ఎక్కడినుంచి వస్తుంది?" అన్నాడు. రెండు నిమిషాలలో రెండు సమాధానాలు! లోపల పొయ్యి దగ్గర ఉన్న కుర్రవాడు మాత్రం అడగకుండానే మూడవది చెప్పినాడు. పిండిలో డాల్డా నిజమే గాని, పైన నిగనిగలాడుటకు పాలు పూస్తారట.

ఆ యజమానిని అబద్ధాలకోరు అనుటకు నాకు మనసొప్పదు. అతని మాటల వెనుక మన సమాజపు పాతవాసన ఒకటి ఉన్నది. నేతి మిఠాయి కలవారిది, నూనె మిఠాయి లేనివారిది అన్న భేదం తరతరాలుగా మనలో నాటుకొని ఉన్నది. "స్వచ్ఛమైన నేతితో చేయబడినవి" అని అంగడి పైన పెద్ద అక్షరాలతో వ్రాయించుకొంటారు; "నూనెతో చేయబడినవి" అని వ్రాసిన అంగడిని నేనింతవరకు చూడలేదు. నూనె అని ఒప్పుకొనుట పేదరికాన్ని ఒప్పుకొన్నట్లు. ఈ ప్రతిష్ఠ వలన పాలు పడనివానికి కలిగే నష్టం ఏమనగా, నిజంగా పాలు లేని వంటకం సైతం పాలున్నట్లు నటిస్తుంది. బటర్ బిస్కెట్టు అని పిలువబడేవానిలో కొన్నింటిలోని వెన్న నేతిబీరకాయలోని నెయ్యి వంటిదే. మరి ఏ పేరూ పెట్టుకొనని సాదా బన్నులో పాలపొడి ఉండవచ్చును. పేరును నమ్మి తినుటకు వీలులేదు, పేరును నమ్మి మానుటకూ వీలులేదు.

అందుచేత అడిగే పద్ధతి మార్చుకొనవలె. "వెన్న వేసినారా?" అని అడిగితే అంగడివాడు మన ముఖం చూచి, మనకు ఏది సంతోషమో అది చెబుతాడు. "ఏ కొవ్వు వాడినారు? ఆ డబ్బా ఒకసారి చూపండి" అని అడిగితే ఊహకు చోటుండదు. పిండిలో ఏమున్నది, క్రీములో ఏమున్నది, పైపూత దేనితో వేసినారు అని విడివిడిగా అడగవలె. వేయించిన వంటకమైతే అదే మూకుడులో మరేమి వేయించినారో కూడ తెలిసికొనవలె.

పొట్లములు కట్టి అమ్మే సరుకు విషయంలో చట్టం మనకు కొంత తోడ్పడుతున్నది. అయితే ముందు ఒక భ్రమను తొలగించుకొనవలె. 2001లో మన దేశంలో ఆహారపదార్థాల పొట్లములపై ఆకుపచ్చ చుక్క వచ్చినది. అది శాకాహారమని తెలుపుతుంది గాని పాలు లేవని తెలుపదు; మన చట్టం దృష్టిలో పాలు, వాటి ఉత్పత్తులు శాకాహారములే. కోవాతో చేసిన మిఠాయికి ఆకుపచ్చ చుక్క ఉంటుంది. గుడ్డు, నూనె వేసి, చుక్క పాలు లేకుండ చేసిన కేకుకు మాంసాహారపు గుర్తు ఉంటుంది. పాలు పడనివాడు ఈ గుర్తులను చూచి ఎంచుకొంటే అన్నివిధాల మోసపోతాడు. చూడవలసినది ఆ చుక్కను కాదు, వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉన్న పదార్థాల పట్టికను. 2020 నాటి లేబుళ్ల నిబంధనల ప్రకారం పాలు, గుడ్లు, వేరుశనగ, సోయా, గోధుమ మొదలైన అలర్జీకారకాలు ఉంటే ఆ విషయం స్పష్టంగా ప్రకటించవలె. 2022లో వీగన్ ఆహారాలకు ప్రత్యేకమైన నిబంధనలు వచ్చినవి. ఆకుపచ్చని చతురస్రంలో "వి" అక్షరం, దానిపై చిన్న ఆకు ఉన్న గుర్తు వానికి చెందినదే.

పట్టికలో "మిల్క్" అన్న మాట లేనంతమాత్రాన నిశ్చింతగా ఉండరాదు. పాలు వేషాలు మార్చుటలో ఆరితేరినవి. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసీన్, సోడియం కేసినేట్, బటర్ ఆయిల్, లాక్టోజ్ అన్నియు ఆ వేషాలే. వీటిలో సోడియం కేసినేట్ మరీ గడుసుది. మన బేకరీలలో పేస్ట్రీపై తెల్లగా అలంకరించే క్రీము చాలచోట్ల పాలమీగడ కాదు; "నాన్ డెయిరీ" అని డబ్బాపై వ్రాసి ఉండే వనస్పతి కొవ్వుల నురుగు. ఆ మాట చూచి సంతోషించి పట్టిక చదివితే, కొన్ని డబ్బాలలో సోడియం కేసినేట్ కనిపిస్తుంది. అది పాల మాంసకృత్తే. లాక్టోజ్ పడనివానికి దానితో పెద్ద చిక్కు లేదు. మాంసకృత్తు పడనివానికి "నాన్ డెయిరీ" అన్న మాటయే ప్రమాదం.

తెలుగు ఉపన్యాసకుడను కనుక ఇక్కడ ఒక ముచ్చట చెప్పక ఉండలేను. మన భాషలో తెల్లగా కారేదంతా పాలే. మర్రిపాలు, జిల్లేడుపాలు, కొబ్బరిపాలు. గోవుకూ వీటికీ ఏ సంబంధమూ లేదు. కొబ్బరిపాలతో చేసిన వంటకాన్ని "పాలు పోసినాము" అని చెప్పి, పాపం, తినదగినవానిని తిననీయకుండ చేసినవారు కలరు. ఇటువంటి చోట విశేషణం విలువ తెలుస్తుంది. వ్యాకరణం చదివితే ఏమి లాభమని ప్రశ్నించే విద్యార్థులు గమనింతురు గాక.

వెన్నకు బదులు వాడే కొవ్వుల చరిత్ర కూడ విచిత్రమైనదే. వెన్న ప్రియమై పేదలకు అందనందున, ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ చవుకైన ప్రత్యామ్నాయానికి బహుమానం ప్రకటించగా, మెజ్ మూరియే అనే రసాయనవేత్త 1869లో మార్గరీన్ కనిపెట్టినాడు. దానిని వెన్నకు విరుద్ధమైన వస్తువని మనం అనుకొంటాము గాని, ఆ తొలి మార్గరీన్ పశువుల కొవ్వును పాలతో చిలికి చేసినది! నేటికిని కొన్ని మార్గరీన్లలో పాలపదార్థాలు కలుపుతారు. 1902లో నార్మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ద్రవరూపమైన నూనెను హైడ్రోజన్ సాయంతో గట్టిపరచే పద్ధతికి పేటెంటు పొందినాడు. మన దేశంలో 1937లో వచ్చిన డాల్డా ఆ విద్య ఫలమే. పచ్చని ఆ డబ్బా ఎంతగా మన ఇళ్లలో చోటు చేసికొన్నదనగా వనస్పతికి డాల్డాయే పేరైపోయినది. వనస్పతిలో పాలు లేవు, నిజమే. కాని నూనెను సగంలో ఆపి గట్టిపరచునప్పుడు ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. అవి గుండెకు చేటు చేస్తాయని తేలినది. 2022 జనవరి నుండి మన దేశంలో నూనెలు, కొవ్వులలో వీటి పరిమాణం 2 శాతానికి మించరాదని నియమం అమలులోకి వచ్చినది. నియమం మంచిదే. విడిగా అమ్మే సరుకులో, ఊరు పేరు లేని డబ్బాలలో అది ఎంతవరకు పాటింపబడుతున్నదో చూచుకొనవలసినవారు మాత్రం కొనేవారే. పాలు లేనిదంతా ఆరోగ్యమనుకొని, ఖరీదైన వీగన్ పేస్ట్రీలను చూచి మురిసే పట్నవాసపు మోజును కూడ నేను సమర్థించను. చక్కెర చక్కెరే, కొవ్వు కొవ్వే.

ఈ చిక్కులన్నింటినుండి తప్పించుకొనే మార్గం స్వయంగా చేసికొనుట. ఇక్కడ కొంత వివరంగా వ్రాస్తాను. వంట ఆడవారి విషయమని పేజీ త్రిప్పబోయే అబ్బాయిలు రేపు హాస్టల్ గదిలో ఆకలి వేసినప్పుడు పశ్చాత్తాపపడగలరు.

పిండివంటలో కొవ్వు చేసే పని ఏమిటి? మైదాను నీటితో తడిపితే గ్లూటెన్ అనే జిగురు పుడుతుంది. కొవ్వు ఆ జిగురు తీగలను పొడవుగా సాగనీయక అడ్డుపడుతుంది. అందువలననే వంటకం గుల్లగా విరుగుతుంది. ఈ పనికి వెన్నయే కావలెనన్న నియమం లేదు. ఏ కొవ్వయినను చేస్తుంది. అయితే లెక్క తెలియవలె. మన దేశపు ప్రమాణాల ప్రకారం వెన్నలో పాలకొవ్వు 80 శాతానికి తగ్గరాదు; మిగిలినది చాలవరకు నీరు. నూనెలో నీరు ఉండదు. కనుక 100 గ్రాముల వెన్నకు బదులు 100 గ్రాముల నూనె పోస్తే వంటకం జిడ్డోడుతుంది. 80 గ్రాముల నూనె, సుమారు 15 గ్రాముల నీరు చాలును. నూనెతో కేకు రాలేదని నిరాశపడినవారిలో చాలమంది ఈ లెక్క దగ్గరే తప్పినవారు. పెరుగు, సోడా కలిపి పొంగించే వంటకంలో పెరుగు చేసే పని దాని పులుపుదే. ఆ పనిని నిమ్మరసం గాని సిర్కా గాని చేయగలదు. పాలు పూయుట వలన వచ్చే బంగారు రంగుకు బెల్లం నీరు పలుచగా పూస్తే సరిపోతుంది. వెన్న సువాసనకు మాత్రం సాటి లేదు, ఒప్పుకొంటాను. దాని స్థానంలో ఏలకులో, వేయించిన నువ్వులో, కొబ్బరో మరొక సువాసనను తెచ్చుకొనవలె గాని, లేని వెన్నను ఎసెన్సు చుక్కలతో నటింపజేయరాదని నా అభిప్రాయం.

పాలు లేని పిండివంట నిన్న మొన్న అమెరికాలో పుట్టిన వింత కాదు. మాంసభోజనంతో పాలపదార్థాలు తినరాదన్న నియమం గల యూదులు, పాలూ మాంసమూ రెండునూ లేని వంటకాలను "పార్వె" అని ప్రత్యేకంగా గుర్తించి, భోజనానంతరం తినే మిఠాయిలను ఆ పద్ధతిలో చేసికొంటూ వచ్చినారు. తూర్పు సనాతన క్రైస్తవులు దీర్ఘమైన ఉపవాసదినాలలో పాలు, వెన్న, గుడ్లు విడిచి, నూనెతోనూ నువ్వుల ముద్దతోనూ రొట్టెలు, మిఠాయిలు చేసికొన్నారు. వీరెవరునూ దీనిని లోటుగా భావించలేదు.

వీటికంటె నాకు ఎక్కువ సంతోషం కలిగించినది బాగ్దాదు ఉదాహరణ. 1226లో ముహమ్మద్ బిన్ అల్ హసన్ అల్ బాగ్దాదీ అనే ఆయన ఒక పాకశాస్త్ర గ్రంథం సంతరించినాడు. 1939లో ఆర్బెరీ పండితుడు దానిని ఆంగ్లంలోనికి అనువదించినాడు. అందులో "ఖుష్కనానజ్" అనే పిండివంట ఉన్నది. తెల్లని సన్నపిండి ఒక రత్ల్‌కు మూడు ఉఖియాల నువ్వులనూనె కలిపి గట్టిగా పిసకవలె. పొడి చేసిన బాదంపప్పు, దానికి రెట్టింపు చక్కెర, కొంత పన్నీరు చేర్చి లోపల పెట్టి, మూసి, పొయ్యిలో కాల్చవలె. ఇంతే, పాల చుక్క లేదు, నేతి బొట్టు లేదు. చదువుతూ ఉంటే నాకు మన కజ్జికాయ గుర్తుకు వచ్చినది. పిండిలో నూనె కలుపుట, లోపల తీయని పొడి పెట్టుట, అంచులు మూయుట అన్నియు అవే. అక్కడ పొయ్యి, ఇక్కడ మూకుడు. ఒకదానినుండి మరొకటి పుట్టినదని నేననుటలేదు. ఖలీఫాల నగరంలో వండినవారికీ, మన పల్లెలో సంక్రాంతికి అరుగుమీద కూర్చుండి కజ్జికాయలు వత్తే అవ్వకూ పాలు లేకుండ పిండివంట చేయుట చేతనైనదని మాత్రమే అంటున్నాను.

లెక్క చూడండి. ఆ గ్రంథంలో రత్ల్ అనగా పన్నెండు ఉఖియాలు. అందుచేత పిండిలో నాలుగవ వంతు నూనె. అనగా 250 గ్రాముల మైదాకు సుమారు 60 గ్రాములు. ఈ పాలు పొయ్యిలో కాల్చుటకు సరిగ్గా సరిపోతుంది. మన పద్ధతిలో నూనెలో వేయించదలచినవారు అంత కలుపరాదు. కజ్జికాయ మూకుడులో విచ్చిపోతుంది. వేయించుటకు 30 గ్రాములు చాలును. నూనెను వేడి చేసి, చిటికెడు ఉప్పు వేసిన పిండిలో పోసి, వ్రేళ్లతో బాగుగా కలుపవలె. పిడికిట పట్టి చూస్తే ముద్ద నిలువవలె, నొక్కితే పొడిగా రాలవలె. అప్పుడు గాని నీరు చిలుకరించరాదు. గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి అరగంట ఉంచవలె. లోపలికి వేయించిన పుట్నాలపప్పు పొడి, తురిమిన ఎండుకొబ్బరి, చక్కెర లేక బెల్లపు పొడి, ఏలకులు. అంచుకు నీటి తడి అద్ది గట్టిగా మూయవలె. ఎడము ఉంటే పొడి బయటకు వచ్చి నూనె అంతా నల్లబడుతుంది. సన్నని సెగపై ఓపికగా వేయించవలె. పొయ్యి ఉన్నవారు 180 డిగ్రీలలో ఇరవై, ఇరవైయైదు నిమిషాలు కాల్చవచ్చును.

పొరల వంటకం కావలెననేవారికి మడత కాజా ఉన్నది. తాపేశ్వరం పేరు చెప్పగానే నోరూరించే ఆ కాజా, నన్నడిగితే, మన దేశపు పఫ్. పలుచగా వత్తిన రొట్టెపై కొవ్వు, పొడిపిండి పూసి, చుట్టి, ముక్కలుగా కోసి, అదిమి వేయిస్తే పొరలు విచ్చుకొంటాయి. ఇంట్లో చేసికొనేవారు నాలుగు చెంచాల బియ్యప్పిండిని మూడు చెంచాల నూనెతో నురుగు వచ్చునట్లు కలిపి పూసి చూడండి. నేతి అవసరమే రాదు. ఫ్రెంచి పద్ధతి పఫ్ మాత్రం ద్రవంగా ఉండే నూనెతో రాదు, గట్టి కొవ్వు కావలె. శీతకాలపు ఉదయాన సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టుట మనమందరం చూచినదే. 24 డిగ్రీల ప్రాంతంలో అది కరుగుతుంది. వెన్న 32 డిగ్రీలు దాటినా పూర్తిగా కరుగదు. మన ఎండలలో కొబ్బరినూనెతో పఫ్ చేయదలచినవారు ప్రతి మడతకు పిండిని ఫ్రిజ్‌లో పెట్టి తీయుటకు సిద్ధపడవలె. అంత శ్రమ దేనికి? కాజా చేసికొనుట మేలు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. బోర్లించిన కుండపై బియ్యపు పిండినీటితో తీసిన ఆ పలుచని రేకులో పాలు లేవు, పైన పూసే పూతలోనే నెయ్యి. హైదరాబాదు ఖుబానీ కా మీఠాలో పాలు లేవు, పైన పోసే మీగడలోనే ఉన్నవి. మన వంటకాలలో ఎన్నింటికో పాలు ఈ విధంగా చిట్టచివర చేరే అలంకారం. ఆ ఒక్క చేయి ఆపి, పది రేకులు, పది గిన్నెలు విడిగా తీసిపెడితే పాలు పడని పదిమంది మనతో కూర్చుండి తినగలరు. ఉస్మానియా బిస్కెట్టుకు ఈ సౌకర్యం లేదు. వెన్న, పాలు దానికి ప్రాణం. దానిని పాలు పడనివారు దూరంనుండియే సలాం చేసి విడిచిపెట్టవలె.

ఇక కార్యవర్గం వారికి మనవి. వార్షికోత్సవానికి, ఇఫ్తార్ విందుకు బేకరీకి ఆర్డరు ఇచ్చునప్పుడు ధర, సంఖ్య మాత్రమే వ్రాస్తున్నాము. ఏ కొవ్వు, ఏ పూత, ఏ క్రీము అన్న మూడు ప్రశ్నలకు వ్రాతపూర్వకంగా సమాధానం కోరవలసినదిగా ప్రార్థిస్తున్నాను. ప్రతి విందులోను ఒక పళ్లెరం పాలు లేని వంటకం ఉండవలె. కజ్జికాయలైనా సరే, నూనె సమోసాలైనా సరే. దానిని వేరే గరిటెతో, వేరే బల్లపై ఉంచవలె. ఒకే చేతితో క్రీము కేకును తాకి, ఆ చేతితోనే కజ్జికాయ అందిస్తే చేసిన శ్రమ వ్యర్థం. హాస్టల్‌లో చేరే విద్యార్థుల దరఖాస్తులో "ఏ ఆహారమైనా పడదా?" అన్న ఒక్క పంక్తి చేర్చితే, వంటమనిషికి జూన్‌లోనే విషయం తెలుస్తుంది, ఆసుపత్రి గుమ్మం దగ్గర తెలిసికొనవలసిన అగత్యం ఉండదు. ఆహారమేళాలో అంగళ్లు పెట్టే విద్యార్థులు కూడ తమ వంటకం ప్రక్కన ఏమేమి వేసినారో ఒక చీటీ పెట్టవలె. ఏమి వేసినామో చెప్పుకొనుటకు సిగ్గు కలిగితే ఆ వంటకం అమ్మకపోవుటే మంచిది.

క్యాంటీనుకు ఒక నల్లబల్ల, నాలుగు సుద్దముక్కలు చాలును. ప్రతి ఉదయం ఆనాటి ఫలహారాల పేర్లు, వాటి ఎదుట పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, కోవా అన్న మాటలలో ఏది వర్తిస్తే అది వ్రాయవలె. తెలుగు వైపు నేను వ్రాస్తాను. దూధ్, దహీ, మఖ్ఖన్, ఘీ, ఖోవా అని రెండవ వైపు వ్రాయుటకు ఉర్దూ శాఖలోని మిత్రులు ఇదివరకే అంగీకరించినారు. బల్లకు క్యాంటీను ద్వారం ప్రక్కన, చేతులు కడుగుకొనే చోటికి ఎదురుగా ఒక మేకు ఉన్నది.